మాట లేని మరో ప్రపంచం: ఒక జాజ్ ఆల్బమ్ డైరీ

జనవరి 9

మొదటి నిర్ణయం ఇవాళ అయిపోయింది. శ్రీశ్రీ కవితలు నాలుగో ఐదో తీసుకుని జాజ్ ఆల్బమ్ చేస్తున్నాం. అందులో ఒక్క మాట కూడా పాడం, చదవం.

ఈ ఆలోచనకి మూలం అమెరికన్ జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్. 1964 డిసెంబర్ 9న ఆయన రికార్డ్ చేసిన 'ఎ లవ్ సుప్రీమ్'లో నాలుగో భాగం పేరు 'సామ్'. కాలేజీ రోజుల్లో దాన్ని మొదటిసారి విన్నప్పుడు నాకు తాళం చిక్కలేదు. శాక్సఫోన్ ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో తెలీలేదు. ఆ ఆల్బమ్ అట్ట మీద కోల్ట్రేన్ దేవుణ్ణి ఉద్దేశించి రాసుకున్న కవిత ఉంటుంది. చాలా ఏళ్ల తర్వాత ఆ కవిత ముందు పెట్టుకుని విన్నాను. ఒళ్లు జలదరించింది. శాక్స్ ఆ కవితని అక్షరం అక్షరం చదువుతోంది. వాక్యం ముగిసిన చోట స్వరం దిగుతోంది, ఊపిరి తీసుకున్న చోట ఆగుతోంది. మాట వినబడదు, కానీ మాట నడిచిన దారంతా ఉంటుంది.

అదే పని తెలుగులో చేస్తే ఎవరి కవిత? విశాఖలో ఉన్నవాడికి ఇది పెద్ద ప్రశ్న కాదు. శ్రీశ్రీ 1910లో ఈ ఊళ్లోనే పుట్టాడు. 1935లో ఇక్కడి ఏవీఎన్ కాలేజీలో డిమాన్‌స్ట్రేటర్‌గా పనిచేశాడు. 'మహాప్రస్థానం' గీతం 1934లో రాస్తే, ఆ పేరుతో పుస్తకం 1950లో వచ్చింది. ఇంకా రాని లోకాన్ని ముందే చూసి, రండి పోదామని పిలిచిన కవి. జాజ్‌లో కట్లు తెంచుకున్నవాళ్లు చేసింది కూడా అదే పని అని నా నమ్మకం.

కాపీరైట్ సంగతి కూడా ఉంది. ఆయన 1983లో పోయాడు. మన చట్టం ప్రకారం ఆ తర్వాత 60 ఏళ్లు, అంటే 2043 చివరిదాకా, రచనల మీద హక్కులుంటాయి. అయినా మేం మాట వదిలేసింది అందుకు కాదు. అనుమతి చేతికొచ్చినా పాడించను. పాడిస్తే జనం మాటే వింటారు. ఆ మాట కింద కదిలేది వినిపించాలని నా పట్టుదల.

జనవరి 17

నా బతుకుతెరువు లెక్కల ట్యూషన్లు. పిల్లలు వెళ్లిపోయాక అదే వైట్‌బోర్డు మీద 'మహాప్రస్థానం' గీతం మొదటి పాదాన్ని గురులఘువులుగా విడగొట్టాను.

మరో: ఒక లఘువు, ఒక గురువు. మూడు మాత్రలు. ప్రపంచం: ఒక లఘువు, రెండు గురువులు. ఐదు మాత్రలు. మొత్తం ఎనిమిది. అంటే మూడూ ఐదూ. కవి దాన్ని మూడుసార్లు అంటాడు కాబట్టి చక్రం మూడుసార్లు తిరుగుతుంది.

ఎనిమిది గళ్లు గీసి, అక్షరం మొదలయ్యే గడిలో చుక్క పెట్టాను. ఒకటి, రెండు, నాలుగు, ఐదు, ఏడు. ఎనిమిదింటిలో ఐదు దెబ్బలు. ఇది నాకు ఎక్కడో తెలుసు అనిపించింది. బల్ల మీద వేళ్లతో కొడుతూ కూర్చున్నాను. పావుగంట తర్వాత వెలిగింది. ఐదో దెబ్బ నుంచి మొదలుపెడితే అది క్యూబా సంగీతంలోని సింకీయో! ఒకటి, మూడు, నాలుగు, ఆరు, ఏడు. కరీబియన్ దీవుల నుంచి న్యూ ఆర్లీన్స్‌కి చేరి, జాజ్ పుట్టుకలో పాలు పంచుకున్న లయల కుటుంబంలోది. 'మరో ప్రపంచం'లో ఉన్నది అదే చక్రం, మొదలుపెట్టే చోటు ఒక్కటే వేరు.

శ్రీశ్రీ అక్కడి నుంచి తెచ్చుకున్నాడని నేననడం లేదు. తెలుగు మాత్రల్లోంచే అది పుట్టింది. అందుకే నాకింత సంతోషం. జాజ్‌ని తెచ్చి ఈ కవితకి అతికించే పని లేదు. తలుపు లోపలి నుంచే తెరిచి ఉంది.

రాత్రి పదకొండైంది. బోర్డు చెరపలేదు. రేపు పదో తరగతి పిల్లలు అడిగితే చెబుతాను.

జనవరి 26

మనుషులు కుదిరారు.

టెనర్ శాక్స్ నేను. క్లారినెట్ మా మావయ్య. అల్లిపురంలో బ్యాండు మేళంలో ముప్పై ఏళ్లుగా వాయిస్తున్నాడు. ఊరేగింపులో నడుస్తూ, ఎండలో, టపాసుల మోతలో తప్పు లేకుండా వాయించగల మనిషి. నాకు శాక్స్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. డ్రమ్స్ మీద ఇంజనీరింగ్ మూడో సంవత్సరం కుర్రాడు. కోల్ట్రేన్ డ్రమ్మర్ ఎల్విన్ జోన్స్ వాయించినవన్నీ కంఠతా పట్టాడు.

బేస్ లేదు. డబుల్ బేస్ ఉన్నవాళ్లు నాకు ఊళ్లో ఎవరూ దొరకలేదు. ఎలక్ట్రిక్ బేస్ వాయించేవాళ్లు ఇద్దరు వచ్చి వాయించి చూపించారు. బాగా వాయించారు, కానీ ఆ శబ్దం నాకు కావలసింది కాదు. నాకు తోలూ నరమూ కలిసిన మోత కావాలి.

"జముకు పెట్టుకోరా," అన్నాడు మావయ్య.

నాకెందుకు తట్టలేదో!

ఫిబ్రవరి 8

ఉత్తరాంధ్ర దాటితే జముకు చూసినవాళ్లు తక్కువ కాబట్టి కాస్త రాస్తాను. గుండ్రటి డొల్ల, ఒక పక్క తోలు మూత, రెండో పక్క ఖాళీ. తోలు మధ్యలోంచి ఒక నరం కిందికి వస్తుంది. దాని చివర చిన్న పుల్ల. డొల్లని చంకలో ఇరికించి, ఒక చేత్తో పుల్ల లాగి పట్టుకుని, రెండో చేత్తో నరాన్ని మీటుతారు. లాగే కొద్దీ తోలు బిగిసి స్వరం పైకెక్కుతుంది, వదిలితే జారుతుంది. డ్రమ్మూ అదే, తీగ వాద్యమూ అదే. ఒకే మీటులో మూడు నాలుగు స్వరాలు మూలుగుతూ సాగుతాయి. జముకుల కథలు చెప్పేవాళ్లు దీన్ని పట్టుకుని రాత్రంతా కథ నడిపిస్తారు.

కంచరపాలెంలో కొడుకు దగ్గర ఉంటున్న తాతగారిని మావయ్య పరిచయం చేశాడు. డెబ్భై దాటాయి. కథలు చెప్పడం మానేసి చాలా ఏళ్లయిందట, జముకు మాత్రం అటక మీద గుడ్డలో చుట్టి భద్రంగా ఉంది. దించి, దులిపి, ఒకసారి మీటాడు. ఆ చిన్న గదిలో నా గుండెకి తగిలింది.

మా పని వివరించాను. పాట ఉండదు, మాట ఉండదు, వాయిద్యాలే ఉంటాయని.

"ఏటి బాబూ, కత లేదా? కత లేకుండా ఈ జముకు దేనికి?"

"కథ ఉంది తాతా. బయటికి చెప్పం, అంతే."

ఆయన చాలాసేపు నా వైపు చూశాడు. "అయితే ముందు నాకు సెప్పు. నాకు తెలీకుండా నానేటి వాయిస్తాను?"

అక్కడే, నేల మీద కూర్చుని, 'భిక్షువర్షీయసి' మొత్తం చదివాను. దారి పక్కన చెట్టు కింద ఒక ముసలమ్మ, ముసురుతున్న ఈగలు, ఎవరిదీ పాపం అన్న ప్రశ్న. చివరికొచ్చేసరికి ఆయన జముకు ఒళ్లోకి తీసుకున్నాడు. వస్తానని నోటితో చెప్పలేదు. "ఎప్పుడు రావాల?" అని మాత్రం అడిగాడు.

ఫిబ్రవరి 15

మొదటి రిహార్సల్. బాగా రాలేదు.

'స్వేచ్ఛగా వాయించండి' అని నేనన్నది తప్పు. నలుగురం నలభై నిమిషాలు మోత మోగించాం. విడివిడిగా వింటే ఒక్కొక్కరిదీ బాగానే ఉంది. కలిపి వింటే ఎవరూ ఎవరినీ వినలేదని తెలిసిపోతోంది. మావయ్యకి చిరాకొచ్చి క్లారినెట్ పెట్టెలో సర్దేశాడు. "ఒరే, పెళ్లిలో ఇలా వాయిస్తే భోజనం కూడా పెట్టరు," అన్నాడు. కోపంగానే అన్నాడు, నిజమే అన్నాడు.

శ్రీశ్రీ ఛందస్సు రాక వచన కవితలోకి పోయినవాడు కాదు. పద్యాలు రాసి, మాత్రాఛందస్సులు చేతిలో ఆడించి, ఆ తర్వాత ఎక్కడ విరగ్గొట్టాలో తెలిసి విరగ్గొట్టాడు. కోల్ట్రేన్ కూడా అంతే, స్వరమేళాల లెక్కలన్నీ అరగదీశాకే బయటికి నడిచాడు. మేం పునాది వేయకుండానే గోడలు కూల్చడానికి దిగాం.

ఫిబ్రవరి 28

ఈ రెండు వారాల్లో పట్టాలెక్కాం. దానికి కారణం రెండు పంక్తులు. ఇక్కడ కొంచెం ఆగి రాయాలి.

"దారిపక్క, చెట్టుకింద, ఆరిన కుంపటి విధాన". 'భిక్షువర్షీయసి' మొదలు ఇది. దారి మూడు మాత్రలు, పక్క మూడు, చెట్టు మూడు, కింద మూడు. మొత్తం పన్నెండు. ఆరిన నాలుగు, కుంపటి నాలుగు, విధాన నాలుగు. ఇదీ పన్నెండే. మొదటి సగంలో నాలుగు ముక్కలు, రెండో సగంలో మూడు ముక్కలు, నిడివి మాత్రం ఒకటే. వరసగా చదువుతాం కాబట్టి మనకి తెలీదు. ఒకదాని మీద ఒకటి పెడితే నాలుగుకి మూడు తగిలే లయ. ఆఫ్రికా డోళ్ల నుంచి ఎల్విన్ జోన్స్ దాకా వచ్చిన లయ.

డ్రమ్స్ తమ్ముడికి చెబితే ముందు నమ్మలేదు. వంటింట్లోంచి రెండు స్టీలు గ్లాసులు తెచ్చాను. "నువ్వు దారిపక్క చెట్టుకింద అనుకుంటూ కొట్టు, నేను ఆరిన కుంపటి విధాన అనుకుంటూ కొడతాను." మొదటి దెబ్బ కలిసింది. తర్వాత విడిపోయాం. నాలుగుసార్లు చెడింది. ఐదోసారి నిలబడింది. పన్నెండు మాత్రలకోసారి రెండు గ్లాసులూ కలిసి ఒక్క టంగుమని, మళ్లీ ఎవరి దారిన వాళ్లం. వాడు కొట్టడం ఆపకుండానే నా వైపు చూసి, "అన్నా, ఇది నిజంగా ఆ పుస్తకంలోనే ఉందా?" అన్నాడు.

ఇప్పుడు ఆ పాట కట్టుబడి ఇలా ఉంది. జముకు మూళ్లు పట్టుకుంటుంది. రైడ్ సింబల్ నాలుగులు పట్టుకుంటుంది. క్లారినెట్ కవితని చదువుతుంది, అంటే గురువుకి నిడివి, లఘువుకి పొట్టి, స్వరం మాత్రం మావయ్య ఇష్టం. నేను ఈగలు. శాక్స్ రీడ్ మీద నాలుక ఆడించి చిన్న గరగర. ఎవరి పని వాళ్లకి తెలిశాక స్వేచ్ఛ దానంతటదే వచ్చింది. నిన్న తాతగారు మూళ్ల మధ్యలో నరం లాగి ఒక్క మూలుగు వదిలాడు, నేను రాయలేదది. ముసలమ్మ కదిలినట్టు అనిపించింది.

మార్చి 12

'బాటసారి'కి చోటు వెతుక్కుంటూ రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో కూర్చున్నాను, చిన్న రికార్డర్ పెట్టుకుని.

ఆ కవితలో కుర్రాడు అమ్మ మాట వినకుండా కూటి కోసం పట్నానికి బయలుదేరి, చీకట్లో దారి తప్పుతాడు. శ్రీకాకుళం, పలాస, పార్వతీపురం బస్సులు దిగే చోట గంట కూర్చుంటే ఆ కవిత పాతది కాదని తెలుస్తుంది. సంచి గుండెకి హత్తుకుని నిద్రపోతున్న కుర్రాళ్లున్నారు. పక్కన ఒకడు ఫోనులో వాళ్లమ్మతో "తిన్నానమ్మా" అంటున్నాడు. రికార్డర్ ఆపేశాను. అది ఆల్బమ్‌లో పెట్టేది కాదు.

'బాటసారి' నడక ముత్యాలసరం. గురజాడ 1910లో తెచ్చిన ఛందస్సు, శ్రీశ్రీ పుట్టిన ఏడాదే. మూడూ నాలుగూ, మూడూ నాలుగూ. కూటి మూడు, కోసం నాలుగు. కూలి మూడు, కోసం నాలుగు. సంగీతం నేర్చుకున్నవాళ్లకి తకిట తకధిమి అంటే చాలు. జాజ్‌వాళ్లకి ఏడు అంటే చాలు. పశ్చిమ దేశాల జాజ్‌లో ఏడు వాయిస్తే అదో ప్రయోగం. ఇక్కడ ఏడులో కవితలు బట్టీపట్టిన పిల్లలు ఇంటింటా ఉన్నారు, అది ఏడని వాళ్లకి తెలీదు, అంతే.

నాకొక ఆలోచన వచ్చింది. ఏడు ఏడుగా నడిపించి, దారి తప్పిన చోటి నుంచి ఒక్కో చక్రంలో ఒక్కో మాత్ర తీసేయడం. ఏడు, ఆరు, ఐదు, నాలుగు. కాళ్లు తడబడాలి. చివరి రెండు మాత్రల దగ్గర శాక్స్ ఒక్కటే మిగలాలి.

మార్చి 29

ఈ రోజు గురించి ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. డబ్బులు పోగేసి ఒక స్టూడియోలో రెండు పూటలు బుక్ చేసుకున్నాం. వాయించడం బాగానే జరిగింది. సాయంత్రం ఇంజనీర్ 'క్లీన్ చేసి పంపిస్తాను' అన్నాడు. రాత్రి ఫైళ్లొచ్చాయి. జముకు దెబ్బలన్నిటినీ కంప్యూటర్ గళ్లలోకి సరిగ్గా జరిపేశాడు. తాతగారి మూలుగులన్నీ దగ్గర్లో ఉన్న స్వరాలకి సర్దేశాడు. మూడుకీ నాలుగుకీ మధ్య ఉండే ఆ తోపులాట పోయింది. చచ్చిపోయిన పాట విన్నట్టుంది.

అసలు ఫైళ్లు ఉంచలేదట. ఆ రెండు పూటలూ పోయినట్టే. అతను చెడ్డవాడేం కాదు, సినిమా పనికి అలవాటైన చేయి. ముందే చెప్పకపోవడం నా పొరపాటు. తాతగారికి ఎలా చెప్పాలో మాత్రం తెలీలేదు. చెబితే, "మళ్లీ వాయిద్దాం బాబూ, ఏటయింది," అన్నాడు.

ఏప్రిల్ 11

ట్యూషన్ గదే స్టూడియో. కిటికీలకి పరుపులు, తలుపుకి రెండు దుప్పట్లు, నేల మీద బొంతలు. నాలుగు చానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ ఒక స్నేహితుడు అరువిచ్చాడు. శాక్స్‌కీ క్లారినెట్‌కీ చెరొక మైకు, జముకుకి ఒకటి, డ్రమ్స్ మొత్తానికి పైనుంచి ఒకటే. అన్నిటికంటే జముకు మైకు కష్టం. తోలు ముందు పెడితే దెబ్బ ఒక్కటే వస్తుంది, ఖాళీ పక్క పెడితే గుయ్ మంటుంది. ఖాళీ పక్కకి ఏటవాలుగా, జానెడు దూరంలో పెట్టాక నరం పలికింది.

మెట్రోనోమ్ వదిలేశాం. టిక్ టిక్ వింటూ వాయిస్తే మళ్లీ ఆ గళ్లలోకే పోతున్నాం. దాని బదులు నేను కవితని చదివి రికార్డ్ చేశాను. హెడ్‌ఫోన్లలో నలుగురికీ ఆ చదువు వినబడుతుంది, దాని మీద వాయిస్తారు. చివర్లో ఆ ట్రాక్ తీసేస్తాం. 1981లో లండన్ నుంచి 'మహాప్రస్థానం' శ్రీశ్రీ సొంత దస్తూరీతో, ఆయనే చదివిన కేసెట్‌తో సహా వచ్చింది. ఆ గొంతు విన్నాను. ఎక్కడ ఆగాలో, ఎక్కడ తోసుకుపోవాలో దాన్నించే నేర్చుకున్నాను. అనుకరించలేదు, ఆ వేగం నా ఊపిరికి అందదు.

మనిషి చదివితే ప్రతి పంక్తీ కొంచెం సాగుతుంది, కొంచెం ముడుచుకుంటుంది. నలుగురం ఆ సాగడంతో పాటే సాగుతున్నాం. ఫిబ్రవరిలో లేనిది ఇదే.

ఏప్రిల్ 19

ఎండ, ఉక్కపోత. ఫ్యాన్ వేస్తే మైకులో గాలి, ఆపితే మనుషులు తడిసి ముద్ద. సముద్రపు తేమకి జముకు తోలు మెత్తబడి, సాయంత్రానికి స్వరం బాగా దిగిపోతోంది. ఒక టేకులో మొదలుకీ చివరికీ పొంతన లేదు. తాతగారు దాన్ని డాబా మీద ఎండలో పెట్టి, పది నిమిషాలకోసారి గోటితో కొట్టి చూసుకుని, "ఇప్పుడు" అంటాడు. అప్పుడు పరుగున కిందికి దిగి అరగంటలో వాయించేయాలి. నా శాక్స్ ప్యాడ్లు కూడా ఉప్పు గాలికి అతుక్కుంటున్నాయి. టేకుకీ టేకుకీ మధ్య పల్చటి కాగితం పెట్టి అద్దుతున్నాను.

'భిక్షువర్షీయసి' అయిపోయింది. మూడో టేకు.

ఏప్రిల్ 30

శ్రీశ్రీ పుట్టినరోజు. తెల్లవారుజామున బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం దగ్గరికి వెళ్లాను. ఇంకా ఎవరూ రాలేదు. డాల్ఫిన్స్ నోస్ వైపు నుంచి ఓడ ఒకటి కూత పెట్టింది. పొడుగ్గా, రెండుసార్లు. రికార్డర్ జేబులోనే ఉంది. ఇంటికొచ్చి ట్యూనర్ పెట్టి చూస్తే ఆ కూత రెండు స్వరాల మధ్యన ఉంది, ఏ మెట్టు మీదా సరిగ్గా నిలవదు. శాక్స్ పెదవి వదులు చేసి దానితో కలిశాను. 'గంటలు'కి అదే శ్రుతి.

మే 11

'గంటలు' ఒక్క పూటలో అయింది. గంటలు, గంటలు, గంటలు: గురువు, రెండు లఘువులు, అంతే. ఓడ కూత కింద, స్టీలు గిన్నెలూ ఇత్తడి పళ్లేలూ పైన. తక్కువ పని పెట్టిన పాట ఇదొక్కటే.

మే 24

'మహాప్రస్థానం' గీతం. దీన్ని ఇన్నాళ్లూ పక్కన పెట్టుకున్నది భయంతోనే. తెలుగువాళ్లకి నోటికొచ్చిన కవిత, ఎక్కడ చెడినా తెలిసిపోతుంది.

అమెరికన్ శాక్స్ వాద్యకారుడు ఆర్నెట్ కోల్‌మన్ 1960లో 'ఫ్రీ జాజ్' రికార్డ్ చేసినప్పుడు రెండు క్వార్టెట్లని, అంటే నలుగురేసి వాయించే జట్లని, ఎదురెదురుగా పెట్టాడు. ఒకటి ఎడమ స్పీకర్‌లో, ఇంకొకటి కుడి స్పీకర్‌లో. ఆ పద్ధతి మాకు దారి చూపించింది. ఎందుకంటే ఈ కవితలో కూడా రెండు నడకలున్నాయి. మరో ప్రపంచం మూడూ ఐదు. దాని తర్వాతి పిలుపు, పదండి ముందుకు, నాలుగూ నాలుగు. పిలుస్తున్న లోకానిది ఒక నడక, కదిలిన జనానిది ఇంకో నడక.

కాబట్టి ఎడమ పక్క మేం నలుగురం, మూడూ ఐదులో. కుడి పక్క మావయ్య బ్యాండు మేళం నుంచి ఆరుగురు: ట్రంపెట్లు రెండు, యుఫోనియం, సైడు డ్రమ్ము, పెద్ద డ్రమ్ము, తాళాలు. వాళ్లు నాలుగూ నాలుగులో. గది చాలదు. వాళ్లని డాబా మీద, సాయంత్రం, విడిగా రికార్డ్ చేశాం. మావయ్య యూనిఫాం వేసుకునే రమ్మన్నాడు, అది వేసుకుంటేనే నడక వస్తుందట. వాళ్లని నిలబెట్టి వాయించమంటే బిగుసుకుపోయారు. డాబా చుట్టూ నడుస్తూ వాయించండని మావయ్య అన్నాడు. మధ్యలో మైకు, చుట్టూ ఆరుగురు మనుషులు తిరుగుతూ. ట్రంపెట్ దగ్గరికొచ్చి, దాటి, దూరమవుతుంది. పక్క డాబాల మీదికి జనం వచ్చారు. మూడు చుట్లు అయ్యాక వీధిలోంచి పిల్లలు చప్పట్లు కొట్టారు, అవీ రికార్డయ్యాయి. ఉంచేస్తున్నాను.

రాత్రి రెండు పక్కలూ కలిపి విన్నాను. మొదట్లో గొడవలా ఉంటుంది. రెండు నడకలూ ఎనిమిది మాత్రలకోసారి కలుస్తాయి కదా, ఆ కలిసే చోటు చెవికి దొరికాక ఇక తప్పదు. జనం తోసుకుంటూ వస్తున్నారు.

జూన్ 3

పిన్ని రిటైరైన తెలుగు టీచరు. ఎంవీపీ కాలనీలో ఉంటుంది. ఏమీ చెప్పకుండా 'బాటసారి' వినిపించాను. బియ్యం ఏరుతూ వింటోంది. శాక్స్ రెండో పంక్తికి వచ్చేసరికి చేతులు ఆగాయి. మూడో పంక్తికి పెదవులు కదిలాయి. చక్రం తరిగిపోయే చోట తలెత్తి, "అయ్యో, పడిపోతున్నాడు నాన్నా," అంది.

తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. కాఫీ పెట్టింది. కాఫీ ఇస్తూ, తల్లి కలగనే చోట మరీ తొందరపడ్డావు, అక్కడ ఇంకో ఊపిరి ఆగు, అని చెప్పింది. నిజమే. రేపు మళ్లీ వాయిస్తాను.

జూన్ 10

మిక్స్ చేస్తుంటే ఒక సంగతి బయటపడింది. 'భిక్షువర్షీయసి' మొదట్లో, అన్నీ ఆగి జముకు ఒక్కటే ఉన్న చోట, వెనకాల సన్నగా ఒక గొంతు. దారిపక్క, చెట్టుకింద. నా గొంతే. తాతగారి హెడ్‌ఫోన్‌లోంచి కారి జముకు మైకులోకి వచ్చింది. ఆయనకి కొంచెం చెవుడు కాబట్టి ధ్వని ఎక్కువ పెట్టుకున్నాడు, నేను చూసుకోలేదు.

తమ్ముడు ఉంచేద్దామన్నాడు, దయ్యంలా బాగుందన్నాడు. బాగుంది, నిజమే. కానీ మాట ఉండదని మొదటిరోజే అనుకున్నాం. ఒక్క మాట వినబడితే మిగతాదంతా దానికి తోడువాద్యం అయిపోతుంది. హక్కుల సంగతి కూడా ఉండనే ఉంది. ఫిల్టర్లు పెట్టి తీయబోతే నరం పలుకు కూడా పోతోంది. మళ్లీ వాయించాల్సిందే. మిగతా ముగ్గురివీ అలాగే ఉంచి, జముకు ఒక్కటే.

జూన్ 15

శ్రీశ్రీ పోయిన రోజు. అనుకుని పెట్టుకోలేదు, తాతగారికి ఇవాళే కుదిరింది.

పొద్దున్న కొంచెం వాన పడింది. డాబా మీద ఎండ లేదు. తోలుని గ్యాసు పొయ్యికి దూరంగా పట్టుకుని, తిప్పుతూ, కాచుకున్నాడు. అయిదు నిమిషాలు. గోటితో కొట్టి చూశాడు.

హెడ్‌ఫోన్ ఇవ్వబోయాను. ధ్వని బాగా తగ్గించానని చెప్పాను. వద్దని చేత్తో తోసేశాడు.

"నాకొచ్చును కద బాబూ."

మిగతా వాయిద్యాలు కూడా వద్దన్నాడు. నేను నమ్మలేకపోయాను. ఏ ఆధారమూ లేకుండా వాయిస్తే మిగతావాటితో ఎలా కలుస్తుంది? అయినా రికార్డ్ నొక్కి పక్కకి నిలబడ్డాను. ఆయన కళ్లు మూసుకుని, జముకు చంకలోకి సర్దుకుని, కాసేపు ఊరుకున్నాడు. తర్వాత మీటాడు. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. మూడు, మూడు, మూడు, మూడు. కుంపటి దగ్గర నరం కొద్దిగా వదులు చేశాడు, నేనెప్పుడూ చెప్పలేదు. ఎవరిదీ పాపం అన్న చోట ఆగాడు. ఫిబ్రవరిలో నేల మీద కూర్చుని నేను చదివినప్పుడు ఎంతసేపు ఆగానో, అంతసేపు.

తీసుకెళ్లి మిగతా ట్రాకుల కింద పెట్టాను. మొదలు కలిపాను. ఏడు నిమిషాల పాటలో రెండు చోట్ల కొంచెం ముందుకీ వెనక్కీ ఉంది. ఆ రెండు చోట్లా జముకునే ఉంచి, నా ఈగల్ని జరిపాను.

ఇక మిగిలింది 'జగన్నాథుని రథచక్రాలు'. పొద్దున్న ఆరింటికి కంచరపాలెం వెళ్లి తాతగారిని తీసుకురావాలి. ఆ కవిత ఆయనకి ఇంకా చదివి వినిపించలేదు.